సన్‌స్క్రీన్ ఏది కొనాలి? మన చర్మానికి, మన ఎండకి తగ్గ ఎంపిక

మెడికల్ షాపులో సన్‌స్క్రీన్ అడిగితే "ఎస్‌పీఎఫ్ ఎంతది కావాలండీ?" అంటారు. ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే ఆ ఒక్క నంబరు చూసే మనమూ కొంటాం. చామనఛాయ, గోధుమరంగు చర్మాలున్న మనకు అది రెండో ప్రశ్న అని నా అభిప్రాయం. ముందు అడగాల్సింది వేరే ఉంది. ఈ క్రీమును రెండు వేళ్ళ పొడవునా తీసి, రోజూ పొద్దున్నే ముఖానికి, మెడకి, చెవులకి రాసుకోగలమా? జిడ్డు కారినా, ముఖం తెల్లగా పాలిపోయినట్టు కనిపించినా, చెమటతో కళ్ళలోకి దిగి మండినా నాలుగో రోజుకే ఆ ట్యూబు అలమరలో ఒక మూలకి చేరుతుంది.

రోజూ రాసుకోవడం మీద ఇంత పట్టు పట్టడానికి నాకొక ఆధారం ఉంది. ఆస్ట్రేలియాలోని నాంబోర్ అనే ఊళ్ళో 55 ఏళ్ళ లోపు పెద్దవాళ్ళను రెండు గుంపులు చేసి నాలుగున్నరేళ్ళు గమనించారు. ఒక గుంపు రోజూ సన్‌స్క్రీన్ రాసుకుంది, రెండోది బుద్ధి పుట్టినప్పుడు రాసుకుంది. 2013లో ఫలితాలు వచ్చాయి. రోజూ రాసుకున్నవాళ్ళలో చర్మం ముసలిబారడం 24 శాతం తక్కువగా కనిపించింది. అందులో వాడింది ఖరీదైన ఎస్‌పీఎఫ్ 50 కూడా కాదు, 15 స్థాయి క్రీము. వాళ్ళ చర్మం, మన చర్మం ఒకటి కాదు కాబట్టి ఆ శాతాన్ని మనకు యథాతథంగా అన్వయించుకోలేం. అలవాటుకి ఎంత విలువ ఉందో మాత్రం అది చూపిస్తుంది.

30 తీసుకోవాలా, 50 తీసుకోవాలా?

ఎస్‌పీఎఫ్ ముఖ్యంగా ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో యూవీబీ అనే రకానికి సంబంధించిన లెక్క. ఎండకి చర్మం ఎర్రగా కమిలిపోవడానికి ఎక్కువ కారణం ఆ కిరణాలే. ల్యాబులో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్రీము రాసి, చర్మం ఎర్రబడటానికి ఎన్ని రెట్లు ఎక్కువ కిరణాలు పట్టాయో చూసి ఆ నంబరు ఇస్తారు. ఎస్‌పీఎఫ్ 15 దాదాపు 93 శాతం, 30 దాదాపు 97 శాతం, 50 దాదాపు 98 శాతం యూవీబీని ఆపుతాయి.

"97కీ 98కీ తేడా ఏముంది, 30 చాలు" అని చాలామంది చెబుతుంటారు. ఆపింది ఎంత అని కాకుండా లోపలికి దిగింది ఎంత అని చూడండి. ఎస్‌పీఎఫ్ 30లో వందకు మూడు పాళ్ళకు పైగా దిగితే, 50లో రెండే దిగుతాయి. అంటే చర్మానికి తగిలేది మూడో వంతుకు పైగా తగ్గుతోంది. పైగా ల్యాబులో రాసినంత మందంగా ఇంట్లో ఎవరూ రాసుకోరు. మామూలుగా జనం రాసుకునేది ఆ మోతాదులో సగం, ఇంకా తక్కువ కూడా. మోతాదు తగ్గితే రక్షణ తగ్గుతుంది. కాబట్టి బండి మీద తిరిగేవాళ్ళు, పొలం పనికో సైటు పనికో వెళ్ళేవాళ్ళు, బస్టాపులో నిలబడేవాళ్ళు 50 తీసుకోవడం మంచిది. ఎక్కువసేపు ఇంట్లోనో ఆఫీసులోనో ఉండేవాళ్ళకి 30 సరిపోతుంది. 50లో దొరికే క్రీములన్నీ మీకు బరువుగా అనిపిస్తుంటే 30ని సరిపడా రాసుకోండి. పలుచగా రాసిన 50 కన్నా అది మేలు.

ఎస్‌పీఎఫ్ నంబరును నిమిషాలతో గుణించి "ఇన్ని గంటలు పనిచేస్తుంది" అని లెక్క వేస్తుంటారు. అలా చేయకండి. ఎంత నంబరున్నా ఎండలో ఉంటే రెండు గంటలకోసారి, బాగా చెమట పట్టి తుడుచుకుంటే ఇంకా ముందే, మళ్ళీ రాసుకోవాల్సిందే.

ట్యూబు మీద చిన్నగా ఉండే పీఏ గుర్తు

నాకైతే కొనేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు ఇదే. మన చర్మంలో రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ ఉండటం వల్ల తెల్లవాళ్ళలాగా గంటలో కందిపోం. మన బాధ వేరు: నల్లబడటం, మంగు మచ్చలు, మొటిమ తగ్గాక నెలల తరబడి మిగిలే నల్లమచ్చ. వీటిలో యూవీఏ అనే ఇంకో రకం యూవీ కిరణాలకు పెద్ద పాత్ర ఉంది. అవి చర్మంలో ఇంకా లోతుకు వెళ్తాయి, ఏడాది పొడవునా ఉంటాయి, మామూలు కిటికీ అద్దం లోంచి కూడా చాలావరకు లోపలికి వస్తాయి. ఎస్‌పీఎఫ్ నంబరు వీటి గురించి మనకేమీ చెప్పదు.

యూవీఏ లెక్క కోసం జపాన్ వాళ్ళు 1996లో పీఏ పద్ధతి తెచ్చారు. మొదట మూడు ప్లస్సులే ఉండేవి, 2013లో నాలుగోది చేర్చారు. ఒక ప్లస్ అంటే యూవీఏ నుంచి రక్షణ 2 నుంచి 4 రెట్లు, రెండైతే 4 నుంచి 8, మూడైతే 8 నుంచి 16, నాలుగైతే 16 రెట్లు, ఆ పైన. మనకు కనీసం పీఏ+++ ఉండాలి. మంగు ఉన్నవాళ్ళు పీఏ++++ తీసుకోవాలి. ఎస్‌పీఎఫ్ 60, 70 అని పెద్ద అక్షరాలతో వేసి పీఏ సంగతే చెప్పని ట్యూబు కన్నా, ఎస్‌పీఎఫ్ 40, పీఏ++++ ఉన్నదాన్ని నేను ముందు ఎంచుకుంటాను. యూరప్ సరుకైతే వలయం లోపల యూవీఏ అని రాసి ఉందేమో చూడండి. ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడో వంతు యూవీఏ రక్షణ ఉందని దాని అర్థం.

అద్దం విషయంలో ఒక కేసు చాలామంది వైద్యులు ఉదాహరణగా చెబుతారు. అమెరికాలో 28 ఏళ్ళు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ళ మనిషి ఫోటో 2012లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. డ్రైవరు పక్క అద్దం వైపు ఉన్న ఎడమ చెంప ముడతలు పడి మందంగా అయిపోయింది, కుడి చెంప వయసుకు తగ్గట్టే ఉంది. మన దగ్గర డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. క్యాబులు, ఆర్టీసీ బస్సులు, లారీలు నడిపేవాళ్ళూ, కిటికీ పక్క సీటులో పనిచేసేవాళ్ళూ "మాకు ఎండ తగలదు" అనుకోకూడదు. కారు ముందు అద్దం యూవీఏని చాలావరకు ఆపుతుంది. పక్క అద్దాలు ఎంత ఆపుతాయన్నది ఒక్కో కారుకి ఒక్కోలా ఉంటుంది.

మినరలా, కెమికలా?

మినరల్ రకంలో ఉండేవి జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్. ఇవి అద్దంలాగా ఎండను తిప్పికొడతాయని ప్రచారం ఉంది గానీ, అవి కూడా ఎక్కువ భాగం కిరణాలను పీల్చుకునే ఆపుతాయి. చర్మాన్ని మండించవు, కళ్ళ దగ్గర కూడా ఇబ్బంది తక్కువ. లోపం ఒకటే, అది మనకు పెద్దదే: ముఖానికి విభూతి పూసినట్టు తెల్లగా కనబడుతుంది. ఛాయ తక్కువ ఉన్నకొద్దీ మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

కెమికల్ రకంలో అవోబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ లాంటి పాత ఫిల్టర్లు (కిరణాలను ఆపే పదార్థాలు), బెమోట్రిజినాల్ లాంటి కొత్తవి ఉంటాయి. బెమోట్రిజినాల్‌కి టినోసార్బ్ ఎస్ అని ఇంకో పేరు. ఇవి రాసుకుంటే కనబడవు, తేలిగ్గా ఉంటాయి. అవోబెంజోన్ యూవీఏని బాగా ఆపుతుంది గానీ ఎండలో విరిగిపోయే గుణం ఉంది, ఆక్టినాక్సేట్ పక్కన ఉంటే ఇంకా త్వరగా విరిగిపోతుంది. ఆక్టోక్రిలీన్, బెమోట్రిజినాల్ లాంటివి తోడుంటే నిలబడుతుంది. రెండు క్రీముల మధ్య ఎటూ తేలకపోతే పదార్థాల జాబితాలో బెమోట్రిజినాల్ ఉన్నదాన్ని తీసుకోండి. యూవీఏ, యూవీబీ రెంటినీ ఆపుతుంది, ఎండకి స్థిరంగా ఉంటుంది.

అవోబెంజోన్‌తో ఇంకో చిక్కు ఉంది. బోరు నీళ్ళతో బట్టలు ఉతికే ఇళ్ళవాళ్ళు ఇది తెలుసుకోవాలి. నీళ్ళలో ఇనుము ఉంటే దానితో కలిసి తెల్లచొక్కా కాలర్ మీద, జాకెట్టు మెడ దగ్గర తుప్పు రంగు మరకలు పడతాయి, ఉతికినా పోవు. స్కూల్ యూనిఫారం తెల్లదైతే మెడకి మినరల్ రకం రాయడం మంచిది.

"కెమికల్ సన్‌స్క్రీన్ రక్తంలోకి వెళ్తుందట కదా" అని భయపడేవాళ్ళున్నారు. నిజమే, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019, 2020లో చేసిన పరీక్షల్లో కొన్ని ఫిల్టర్లు రక్తంలో కనిపించాయి. కనిపించడం వేరు, హాని చేయడం వేరు. ఆ సంస్థే సన్‌స్క్రీన్ వాడటం మానొద్దని చెప్పింది. మీకు టెన్షన్‌గానే ఉంటే, గర్భంతో ఉంటే, చర్మం త్వరగా దద్దుర్లు తేలే రకమైతే మినరల్ వైపు వెళ్ళండి. ఆక్సీబెంజోన్ అనే ఇంకో కెమికల్ ఫిల్టర్‌కి మాత్రం నేను ఎవరికైనా దూరంగా ఉండమనే చెబుతాను. అది లేకుండానే మంచివి బోలెడు దొరుకుతున్నాయి. పగడపు దిబ్బలకు చేటు అని హవాయిలో దాన్నీ ఆక్టినాక్సేట్‌నీ 2021 నుంచి అమ్మనివ్వడం లేదు.

మంగు ఉంటే లెక్క మారుతుంది

కాన్పు తర్వాత చెంపల మీద, పై పెదవి మీద, నుదుటి మీద గోధుమరంగులో పరుచుకునే మంగు మచ్చలు మన ఇళ్ళలో చాలామంది ఆడవాళ్ళకి తెలుసు, కొందరు మగవాళ్ళకీ వస్తాయి. ఈ మచ్చలను యూవీ కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా ముదురు చేస్తుంది, చామనఛాయ చర్మాల్లో మరీనూ. మామూలు సన్‌స్క్రీన్, ఎంత ఖరీదైనదైనా, ఆ వెలుతురును పెద్దగా ఆపలేదు. ఆపేది ఐరన్ ఆక్సైడ్స్. ఇవి రంగు వేసిన, అంటే టింటెడ్ సన్‌స్క్రీన్లలో ఉంటాయి. డబ్బా మీద సీఐ 77491, 77492, 77499 అనే అంకెలు కనిపిస్తే అవే.

కాబట్టి మంగు ఉన్నవాళ్ళు జెల్లా క్రీమా అని ఆలోచించే ముందు టింటెడ్ రకం వెతకాలి. చాలా కంపెనీలు ఒకటే రంగులో చేసి అందరికీ సరిపోతుందంటాయి, అది మన ఛాయకు తెల్లగానో గులాబీగానో తేలుతుంది. రెండు మూడు షేడ్లున్నది ఎంచుకుని, చేతి మీద కాకుండా దవడ మీద రాసి, వీధి గుమ్మం దగ్గర పగటి వెలుతురులో అద్దం చూసుకోండి. సరిపోయే షేడ్ దొరక్కపోతే మామూలు సన్‌స్క్రీన్ ఆరాక దానిమీద ఐరన్ ఆక్సైడ్స్ ఉన్న ఫౌండేషన్ వేసుకోవచ్చు.

మంగుకి పక్కింటావిడ చెప్పిందని మందుల షాపులో ట్యూబు తెచ్చుకుని రాసేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. అలాంటి చాలా క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట తెల్లబడుతుంది, తర్వాత చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, ఎండలోకి వెళ్తే భగ్గుమంటుంది. దానిమీద ఎంత సన్‌స్క్రీన్ రాసినా ఆ నష్టం ఆగదు. ఇంకో మాట: సన్‌స్క్రీన్ ఫెయిర్‌నెస్ క్రీము కాదు. పుట్టుకతో వచ్చిన ఛాయను అది మార్చదు, మార్చాల్సిన అవసరమూ లేదు. వైటెనింగ్, బ్రైటెనింగ్ అని పేరుపెట్టి అదనంగా వంద రూపాయలు అడిగితే ఇవ్వకండి.

జెల్, క్రీము, స్టిక్, స్ప్రే

ఇక్కడ చర్మంతో పాటు ఊరు కూడా చూసుకోవాలి. విజయవాడ, కాకినాడ, విశాఖల్లో మే నెల ఉక్కపోతలో క్రీము రాస్తే పది నిమిషాలకే చెమటతో జారిపోతుంది. అక్కడ నీటికి నిలిచే రకం జెల్ గానీ పలచటి ఫ్లూయిడ్ గానీ నప్పుతుంది. అనంతపురం, కర్నూలు పొడి ఎండలకి, హైదరాబాద్ డిసెంబరు చలికి అదే జెల్ రాస్తే చర్మం బిగుసుకుపోయి పొట్టు రేగుతుంది. అప్పుడు క్రీము వాడాలి. ఏడాదంతా ఒకటే ట్యూబు వాడాలన్న నియమం లేదు.

ముఖం జిడ్డుగా ఉండేవాళ్ళు జెల్ రాసుకుంటే విడిగా మాయిశ్చరైజర్ అక్కర్లేదు. పొడి చర్మమైతే ముందు మాయిశ్చరైజర్ రాసి, అది ఇంకాక సన్‌స్క్రీన్ రాయాలి. రెండూ అరచేతిలో కలిపి రాస్తే సన్‌స్క్రీన్ పలచబడి రక్షణ పడిపోతుంది. విటమిన్ సీ సీరం వాడేవాళ్ళు దాన్ని అన్నిటికన్నా ముందు, మేకప్‌ని అన్నిటికన్నా చివర వేసుకోవాలి. రాత్రి రెటినాల్ రాసుకునేవాళ్ళు పగటి సన్‌స్క్రీన్ ఒక్కరోజు కూడా మానకూడదు.

స్టిక్ కళ్ళ చుట్టూ, ముక్కు మీద, చెవుల మీద రాయడానికి బాగుంటుంది. హెల్మెట్ లోపల చెమట కళ్ళలోకి దిగి మండేవాళ్ళకి నేను ఇదే చెబుతాను. ఒక్కసారి గీస్తే చాలదు, ఒకేచోట మూడు నాలుగు సార్లు గీసి వేలితో సర్దాలి. స్ప్రే గాలికి సగం పోతుంది, ముక్కులోకి వెళ్తుంది, ముఖానికి వద్దు. చేతులకి, కాళ్ళకి కొట్టుకున్నా అరచేత్తో రుద్దాలి. పౌడర్ రకం మేకప్ మీద మధ్యాహ్నం అద్దుకోవడానికి తప్ప దేనికీ చాలదు. ఎస్‌పీఎఫ్ 15 ఉన్న మాయిశ్చరైజర్‌ని కూడా సన్‌స్క్రీన్‌గా లెక్కపెట్టుకోకండి, దాన్ని ఎవరూ రెండు వేళ్ళ నిండా రాయరు.

ధర

ట్యూబు ధర చూసి పోల్చకండి, గ్రాము ధర చూడండి. 30 గ్రాములు 360 రూపాయలు, 50 గ్రాములు 500 రూపాయలు అనుకుందాం. మొదటిది గ్రాము 12, రెండోది 10. ముఖానికీ మెడకీ కలిపి పూటకి గ్రాము, గ్రాముంపావు పడుతుంది. అంటే 50 గ్రాముల ట్యూబు రోజుకొక్కసారి రాసినా నలభై, యాభై రోజులకు మించి రాకూడదు. మీ ట్యూబు నాలుగు నెలలు వస్తోందంటే చాలా తక్కువ రాసుకుంటున్నారని లెక్క. పద్నాలుగు వందల సీసాను పొదుపుగా వాడటం కన్నా, నాలుగైదు వందల ట్యూబును ధారాళంగా వాడటమే చర్మానికి ఉపయోగం. చేతులకి ముఖం క్రీము వాడి డబ్బు వృథా చేసుకోకుండా ఎస్‌పీఎఫ్ ఉన్న పెద్ద బాడీ లోషన్ సీసా తెచ్చుకోండి.

కొత్తది కొనేటప్పుడు దొరికిన అతిచిన్న ట్యూబు తీసుకుని, దవడ మీద నాలుగైదు రోజులు రాసి చూడండి. దురద గానీ చిన్న పొక్కులు గానీ వస్తే అది మీకు పడదు. బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, ఆ వేడికి క్రీము విరిగి నీళ్ళు నీళ్ళుగా వస్తుంది.

బట్ట, గొడుగు, నీడ

క్రీమొక్కటే మార్గం అనుకోవద్దు. పొలం కూలికి వెళ్ళే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుంటారు. రోజంతా ఎండలో వంగి పనిచేసే మనిషికి రెండు గంటలకోసారి క్రీము రాసుకోవడం కుదిరే పని కాదు, ఆ చొక్కాయే ఎక్కువ కాపాడుతుంది. హైదరాబాద్‌లో స్కూటీ మీద వెళ్ళే అమ్మాయిలు ముఖానికి కట్టుకునే స్కార్ఫూ అంతే. కాకపోతే బట్ట నేత దగ్గరగా ఉండాలి, ముదురు రంగైతే ఇంకా మంచిది. పలచటి తెల్ల నూలు బట్ట చాలా కిరణాలను లోపలికి వదిలేస్తుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. గొడుగు పైనుంచి వచ్చే ఎండను ఆపుతుంది గానీ సిమెంటు నేల మీంచి, గోడల మీంచి కొట్టే కిరణాలను ఆపలేదు, కాబట్టి గొడుగున్నా ముఖానికి క్రీము ఉండాలి. కొబ్బరినూనె, కలబంద, పసుపు చర్మానికి మంచివే కావచ్చు, సన్‌స్క్రీన్‌కి బదులు మాత్రం కావు. తిరుమలలో గుండు చేయించుకున్నాక రాసే గంధం కూడా అంతే, చల్లగా ఉంటుంది గానీ అప్పుడే ఎండ చూసిన నెత్తికి అది చాలదు. ముందు టోపీ పెట్టండి, గాట్లు మానాక సన్‌స్క్రీన్ రాయవచ్చు.

ఎండ తీవ్రత తెలుసుకోవడానికి ఫోను కూడా అక్కర్లేదు. మీ నీడ మీకన్నా పొట్టిగా ఉందంటే యూవీ గట్టిగా ఉన్నట్టే. మనవైపు డిసెంబరు మధ్యాహ్నం కూడా నీడ చిన్నదిగానే ఉంటుంది, అందుకే చలికాలంలో మానేయకండి. ఆఫీసులో కిటికీకి దూరంగా కూర్చునేవాళ్ళు పొద్దున ఒక్కసారి రాస్తే సరిపోతుంది, మధ్యాహ్నం భోజనానికి బయటికి వెళ్తేనే మళ్ళీ రాసుకోవాలి.

పిల్లలు, అమెరికాలో ఉన్న మనవాళ్ళు

ఆరు నెలల లోపు పసిపిల్లలకి సన్‌స్క్రీన్ రాయకూడదు, నీడలో ఉంచి పలచటి పూర్తి చేతుల బట్ట వేయాలి. ఆ తర్వాత జింక్ ఆక్సైడ్ ఉన్న, వాసన లేని రకం మేలు. క్రికెట్ కోచింగుకి, ఈతకి వెళ్ళే పిల్లలకి తెల్లగా కనిపించినా ఫర్వాలేదు, ఎక్కడ రాయలేదో తెలుస్తుంది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళకి అక్కడి లేబుల్ వేరుగా కనిపిస్తుంది. అమెరికాలో సన్‌స్క్రీన్‌ని మందుల కింద లెక్కిస్తారు, పీఏ గుర్తు వేయరు. దానికి బదులు బ్రాడ్ స్పెక్ట్రమ్, అంటే యూవీఏ, యూవీబీ రెంటినీ ఆపేది, అన్న మాట చూడాలి. నీటికి నిలిచే రకమైతే 40 నిమిషాలో, 80 నిమిషాలో స్పష్టంగా రాయాలి, వాటర్‌ప్రూఫ్ అనే మాట అక్కడ వాడనివ్వరు. మంగు ఉన్నవాళ్ళకైతే అక్కడ టింటెడ్ మినరల్ రకాల్లో షేడ్లు ఎక్కువ దొరుకుతాయి.

ఏ రకం ఎంచుకున్నా సరైన మోతాదులో రెండు మూడు నెలలు వాడి చూడండి. అప్పటికీ మచ్చలు ముదురుతూనే ఉంటే ఇంకో ట్యూబు మార్చకుండా డీవీఎల్ అనే చర్మ వైద్య డిగ్రీ చదివిన వైద్యులను కలవండి. వెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా ముఖానికి రాసినవన్నీ, మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా, సంచీలో వేసుకుని తీసుకెళ్ళి చూపించండి.